సూర్యాపేటలో ఛార్జింగ్ గన్ పనిచేయకపోతే కోదాడ దాకా ఎలా?

ఎడిటర్ గారికి,

సంక్రాంతి ముందు పంతంగి టోల్ గేటు దగ్గర కిలోమీటర్ల కొద్దీ కార్లు బారులు తీరిన ఫొటో ఏటా అన్ని పత్రికల్లో వస్తుంది. ఆ బారులో ఎలక్ట్రిక్ కార్లకుండే పచ్చ నంబరు ప్లేట్లు ఏటికేడు పెరుగుతున్నాయి. తెలంగాణలో 2024 నవంబరు నుంచి ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు ట్యాక్సు, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేశారు. 2026 డిసెంబరు 31 దాకా అని జీవోలో ఉంది. బండి కొనడం తేలికైంది సరే, ఆ బండితో పండక్కి ఊరెళ్లి రావడం సంగతి ఎవరు చూస్తున్నారు?

65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ నుంచి విజయవాడకు దాదాపు 270 కిలోమీటర్లు. 2020లో వచ్చిన తొలి నెక్సాన్ ఈవీ లాంటి 30 యూనిట్ల బ్యాటరీ కారునే తీసుకుందాం. వాహనాలను పరీక్షించే ఏఆర్ఏఐ సంస్థ పరీక్షలో 312 కిలోమీటర్లు వచ్చిన బండి అది. నలుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి, ఏసీ వేసుకుని 90-100 స్పీడులో పోతే యూనిట్‌కు ఆరున్నర కిలోమీటర్లకు మించి ఇవ్వదు. అంటే నిండు ఛార్జింగ్‌కు 195. ఎల్బీ నగర్‌లో 100 శాతంతో బయల్దేరితే 135 కిలోమీటర్ల దూరంలోని సూర్యాపేటకు 30 శాతంతో చేరుతుంది. అక్కడ గన్, అంటే ఛార్జర్ నుంచి కారుకు తగిలించే ప్లగ్గు, పనిచేయలేదనుకోండి. కోదాడ ఇంకో 45 కిలోమీటర్లు. చేరేసరికి మీటరు మీద మిగిలేది ఏడెనిమిది శాతం. అక్కడా మొరాయిస్తే ఇక టోయింగ్ బండిని పిలవడమే. 45 యూనిట్ల బ్యాటరీ కార్లకు ఈ గండం కొంత తక్కువ. అయితే అవి విజయవాడతో ఆగవు. భీమవరం, రాజమండ్రి, అమలాపురం పోవాలి కాబట్టి అవి కూడా దారిలో ఎక్కడో ఒకచోట గన్ తగిలించాల్సిందే.

నిబంధనలకు కొదవ లేదు. ఛార్జింగ్ స్టేషన్ పెట్టడానికి విద్యుత్ లైసెన్సు అక్కర్లేదని కేంద్రం 2018లోనే చెప్పింది. హైవేకు రెండు వైపులా ప్రతి 25 కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండాలని, బస్సులు, లారీల కోసం ప్రతి 100 కిలోమీటర్లకు పెద్ద ఛార్జర్లు ఉండాలని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లో రాసింది. డబ్బుకూ కొదవ లేదు. 2023 మార్చిలో ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం తెచ్చిన ఫేమ్-2 పథకం కింద మూడు ప్రభుత్వ చమురు కంపెనీలకు 7,432 స్టేషన్ల కోసం 800 కోట్లు మంజూరైంది. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఒక్క ఛార్జింగ్ స్టేషన్లకే 2,000 కోట్లు పెట్టారు. ఫోన్‌లో మ్యాప్ తెరిస్తే 65వ నంబరు రోడ్డు పొడుగునా చుక్కలే చుక్కలు.

ఆ చుక్కల మీద ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఒకటి హోటల్ గోడకు బిగించిన 7 కిలోవాట్ల పాయింటు, మెల్లగా ఎక్కించే ఏసీ కరెంటు రకం. గదిలో రాత్రంతా పడుకునేవాళ్లకు అది పనికొస్తుంది గానీ టీ తాగి పోయేవాళ్లకు కాదు. ఇంకొకటి మొదటి విడతలో పెట్టిన 15 కిలోవాట్ల పాత రకం. దాని గన్ వేరు, ఇప్పటి కార్లకున్న సీసీఎస్-2 సాకెట్‌లో పట్టదు. మరొకటి కార్ల షోరూం కాంపౌండులో ఉంటుంది, రాత్రి ఎనిమిదికి గేటుకు తాళం. ఇంకొకటి డివైడర్‌కు అవతలి వైపు. ఇవన్నీ తీసేశాక మిగిలేవి కాసిని. ఆ మిగిలినవాటిలోనూ చాలాచోట్ల ఉండేది ఒకే ఒక్క ఛార్జర్. రెండు గన్‌లు కనిపిస్తాయి కాబట్టి రెండు ఉన్నాయనుకుంటాం. కానీ రెండు గన్‌లూ ఒకే పెట్టెలోంచి వచ్చినవి. పెట్టె పోతే రెండూ పోతాయి. హైవే మీద కొరత అంటే మా లెక్కలో ముందు ఇదే: రెండో పెట్టె లేకపోవడం.

పెట్టె ఎందుకు పోతుందో చెబితే, దాన్ని నిలబెట్టడం ఎంత చిన్న పనో కూడా అర్థమవుతుంది.

మొదటిది కరెంటు. 60 కిలోవాట్ల ఛార్జర్‌కు త్రీఫేజు కావాలి, ఫేజుకు 90 ఆంపియర్ల దాకా లాగుతుంది. దానికి విడిగా 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి. హైవే డాబాల్లో చాలావాటికి కరెంటు పక్క ఊరికి కరెంటు ఇచ్చే లైను (ఫీడరు) చివర్నుంచి వస్తుంది. గాలీ వానా వచ్చి ఒక ఫేజు పోయిందనుకోండి. డాబాలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, ఫ్రిజ్ నడుస్తూనే ఉంటుంది. ఛార్జర్ ఒక్కటే ట్రిప్ అయి కూర్చుంటుంది. యజమానిని అడిగితే ‘కరెంటు ఉంది కదండీ, మీ బండిలోనే ఏదో తేడా’ అంటాడు. ఆయన తప్పేం లేదు, ఒక ఫేజు పోయిందని ఆయనకు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. మీటరు బోర్డు మీద మూడు ఫేజులకు మూడు చిన్న లైట్లు, ఎరుపు, పసుపు, నీలం, పెడితే దూరం నుంచే కనిపిస్తుంది. లైన్‌మన్‌కు ఫోన్ చేసి ‘పసుపు పోయింది’ అంటే చాలు.

రెండోది ఎర్తింగ్. ఛార్జర్ పని మొదలుపెట్టే ముందు ఎర్త్ సరిగా ఉందో లేదో తానే చూసుకుంటుంది, లేకపోతే కరెంటు వదలదు. ఏప్రిల్, మే నెలల్లో ఎర్త్ పిట్, అంటే ఎర్త్ తీగ దించిన గుంత, ఎండిపోతుంది. రెసిస్టెన్సు పెరుగుతుంది, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ వస్తుంది, తెర మీద గ్రౌండ్ ఫాల్ట్ అని పడుతుంది. ఖమ్మం, నల్లగొండ ఎండలకు ఇది ఏటా జరిగేదే. వారానికి రెండుసార్లు పిట్‌లో రెండు బకెట్ల నీళ్లు పోయడానికి మనిషి లేక లక్షల రూపాయల మిషను నెల రోజులు పడి ఉంటుంది. పిట్ మూత మీద సిమెంటు పూసేసిన చోట్లు కూడా ఉన్నాయి, నీళ్లు పోద్దామన్నా దారి లేకుండా.

మూడోది వేడి. 60 కిలోవాట్లు ఇచ్చే ఛార్జర్ లోపల మూడు కిలోవాట్ల దాకా వేడి పుడుతుంది. అంటే చిన్న పెట్టెలో మూడు రూం హీటర్లు వెలిగించినట్టు. దాన్ని బయటికి తోసేది ఫ్యాన్లు, వాటి ముందు ఫిల్టర్. హైవే దుమ్ము, కోతలప్పుడు గడ్డి నూగు పట్టి ఫిల్టర్ మూసుకుపోతే మిషను తనను తాను కాపాడుకోవడానికి కరెంటు తగ్గించుకుంటుంది. తర్వాత కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చి పంపే పవర్ మాడ్యూల్ ఒకటి కాలిపోతుంది. లోపల 30 కిలోవాట్ల చొప్పున రెండు మాడ్యూళ్లు ఉన్న ఛార్జర్‌లో ఒకటి కాలితే అది ఇంకా ‘పనిచేస్తూనే’ ఉంటుంది, కాకపోతే 30కి. యాప్‌లో మాత్రం 60 అనే చూపిస్తుంది. ఫిల్టర్ విప్పి దులిపి పెట్టడానికి పావుగంట చాలు. నీడ లేకుండా పడమటి ఎండకు ఎదురుగా మిషను నిలబెట్టడం ఇంకో తప్పు. నాలుగు రేకుల షెడ్డు వేస్తే మిషనూ బతుకుతుంది, మనిషీ నిలబడతాడు.

నాలుగోది సిగ్నల్. ఛార్జర్ లోపల సిమ్ కార్డు ఉంటుంది. యాప్‌లో మనం స్టార్ట్ నొక్కితే ఆ ఆజ్ఞ ఎక్కడో ఉన్న సర్వర్‌కు వెళ్లి, అక్కడి నుంచి ఈ సిమ్‌కు వచ్చి, అప్పుడు మిషను మొదలవుతుంది. సిమ్‌కు సిగ్నల్ లేకపోతే మిషను బాగానే ఉన్నా లాభం లేదు. వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండు పెట్టడం, లేదా సర్వర్‌తో పనిలేకుండా కార్డు గీకితే మొదలయ్యేలా అమర్చడం కొత్త విద్యేమీ కాదు.

ఎర్ర బటన్ గురించి కూడా ఒక మాట. ప్రతి ఛార్జర్‌కూ ఎమర్జెన్సీ స్టాప్ అని పుట్టగొడుగు ఆకారంలో ఎర్ర బటన్ ఉంటుంది. డాబాకు వచ్చిన పిల్లలకు అది చేతికందే ఎత్తులోనే ఉంటుంది. ఎవరో నొక్కి వెళ్లిపోతారు, మిషను చచ్చిందని తర్వాత వచ్చినవాళ్లు తిట్టుకుంటూ పోతారు. బటన్ లోపలికి దిగి ఉంటే దాని మీదున్న బాణం గుర్తు వైపు తిప్పితే బయటికి వస్తుంది. కేబులు, పెట్టె చెక్కుచెదరకుండా ఉన్నాయో లేదో చూసుకుని, కాలిన వాసన లేదని తేల్చుకున్నాకే తిప్పాలి.

గన్ తగిలించడంలోనూ ఒక కిటుకు ఉంది. తగిలించగానే కారూ ఛార్జరూ మాట్లాడుకుంటాయి. కారు గన్‌ను లాక్ చేస్తుంది, ఛార్జర్ కేబుల్‌లో లీకేజీ ఉందేమో పరీక్షిస్తుంది, ఆ తర్వాతే కారులో టక్‌మని కాంటాక్టర్ (పెద్ద స్విచ్చు) పడి కరెంటు ఎక్కుతుంది. కేబుల్ బరువుకు గన్ కిందికి వాలితే పిన్నులు సరిగా కూర్చోక ఈ మాటామంతీ మధ్యలో తెగిపోతుంది. అందుకని గన్ పిడిని కింది నుంచి చేత్తో కాస్త పైకి ఎత్తి, టక్‌మనేదాకా అలాగే పట్టుకోవాలి. ‘ఈ ఛార్జర్‌తో నా కారుకు పడదు’ అని వెనక్కి తిరిగినవాళ్లలో కొందరి బండ్లు ఇంతమాత్రానికే ఎక్కుతాయి. వాన పడ్డాక తెర మీద ఐసోలేషన్ ఫాల్ట్ (లీకేజీ ఉందని) వస్తే గన్ మూతిలో తడి ఉందేమో చూడండి. ఉంటే ఆ గన్ జోలికి పోకుండా రెండో గన్ వాడండి.

ఇప్పుడు పండగ రోజు లెక్క వేద్దాం. ఒక్కో కారుకు సగటున 25 యూనిట్లు ఎక్కించాలనుకుంటే 60 కిలోవాట్ల పెట్టె గంటకు రెండు కార్లకు మించి పంపలేదు. రెండో గన్ వాడినా అంతే, ఎందుకంటే రెండో కారు తగిలించగానే చెరి 30 పంచుకుంటుంది. పదో నంబరులో ఉన్నవాడికి నాలుగున్నర గంటల తర్వాత వంతు వస్తుంది. ఒక మాడ్యూల్ కాలిన పెట్టె అయితే తొమ్మిది గంటలు. మ్యాప్‌లో మాత్రం రెండూ ఒకేలాంటి పచ్చ చుక్కలు! దీనికితోడు 80 శాతం దాటాక బ్యాటరీయే కరెంటు తీసుకోవడం తగ్గించేస్తుంది. 10 నుంచి 80కి ఎంతసేపు పడుతుందో 80 నుంచి 100కి దాదాపు అంతే సేపు. ఒక్కరు 100 దాకా కూర్చుంటే వెనక ఒక కారు వంతు ఎగిరిపోయినట్టే.

సూర్యాపేట సరిగ్గా సగం దారిలో ఉండటంతో బస్సులు, కార్లు అన్నీ ఆగేది అక్కడే. దాంతో గన్‌లన్నీ అక్కడే పోగవుతున్నాయి. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, నందిగామల దగ్గర పెద్ద ఛార్జర్లు ఉంటే 50 శాతం ఉండగానే కొందరు ముందే ఆగి పదిహేను నిమిషాల్లో కొంత ఎక్కించుకుని పోతారు, సూర్యాపేట మీద ఒత్తిడి తగ్గుతుంది.

డివైడర్ సంగతి ఆఫీసుల్లో కూర్చున్నవాళ్లకు ఎందుకు తట్టదో తెలియదు. మార్గదర్శకంలో ‘రెండు వైపులా’ అని స్పష్టంగా ఉంది. ఒక వైపు పెట్టి రెండు వైపులా లెక్క రాసుకుంటే కుదరదు. అవతలి వైపు స్టేషన్‌కు చేరాలంటే ముందుకు పోయి యూటర్న్ తీసుకోవాలి, మళ్లీ మన దారిన పడటానికి ఇంకో యూటర్న్. పది కిలోమీటర్లు అదనం అంటే ఒకటిన్నర యూనిట్. ఏడు శాతంతో వచ్చినవాడికి అది ఐదు శాతం ఖర్చు. ఈ రోడ్డును ఆరు వరుసలు చేసే ప్రతిపాదన ఉంది కదా, ఆ ప్లాను కాగితాల్లోనే రెండు వైపులా స్థలం, 11 కేవీ లైను, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె గీసి పెట్టండి. రోడ్డు వేశాక తవ్వడం మనకు బాగా అలవాటే గానీ, ఈ ఒక్కసారికి వద్దు.

ఇక బెంగళూరు పోయే 44వ నంబరు రోడ్డు మీద కర్నూలు దాటి అనంతపురం దాకా దాదాపు 145 కిలోమీటర్లు. మధ్యలో డోన్, గుత్తి. ఆ రెండు చోట్లా రెండేసి పెట్టెలు ఉంటే బెంగళూరు ప్రయాణం సుఖం. శ్రీశైలం దారి ఇంకా చిక్కు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అటవీ శాఖ గేట్లు మూసేస్తుంది, నల్లమల లోపల సిగ్నల్ ఉండదు, చివర ఘాట్. శివరాత్రికి ఎన్ని కార్లు వెళతాయో అందరికీ తెలుసు. అడవిలో ఛార్జర్లు పెట్టమని ఎవరూ అనరు. మన్ననూరుకు ఇవతల, దోర్నాలలో, శ్రీశైలం కొండ మీద గట్టివి పెడితే చాలు.

యాప్‌ల గురించి ఎక్కువ రాయబోము, బాధపడ్డవాళ్లందరికీ తెలుసు. కంపెనీకో యాప్, యాప్‌కో వాలెట్, వాలెట్‌లో వందో రెండు వందలో ఇరుక్కుపోవడం. పెట్రోలు పోయించుకోవాలంటే ముందు బంకు యాప్ దించుకుని, ఓటీపీ కొట్టి, డబ్బు వేసుకోమంటే ఊరుకుంటామా? ఛార్జర్ మీదే యూపీఐ క్యూఆర్ అంటించాలి. ఇంటి దగ్గరి కరెంటుకు రెట్టింపు పైన ధర, దాని మీద 18 శాతం జీఎస్టీ కట్టించుకుంటున్నప్పుడు ఆ మాత్రం సౌకర్యం ఎక్కువేం కాదు.

ఇక అధికారులను అడిగేవి. ఛార్జింగ్ స్టేషన్‌కు సబ్సిడీ ఇచ్చేటప్పుడు ఒక పెట్టె ఉన్న చోటును స్టేషన్‌గా లెక్కించొద్దు. వేర్వేరు బ్రేకర్లతో కనీసం రెండు పెట్టెలు ఉండాలి, స్థలమూ డబ్బూ తక్కువైతే 120 కిలోవాట్లది ఒకటి బదులు 60లు రెండు పెట్టండి. సబ్సిడీలో కొంత భాగాన్ని రెండేళ్ల పాటు మిషను నడిచిన గంటలను బట్టి విడుదల చేయండి. ఏ గంటలో నడిచింది, ఎప్పుడు ట్రిప్ అయింది, ఏ ఫాల్ట్ అన్నది నిమిషాలతో సహా సర్వర్‌లో నమోదవుతూనే ఉంటుంది. ఆ లెక్కను పునరుత్పాదక ఇంధన సంస్థలైన రెడ్కో తెలంగాణలో, నెడ్‌క్యాప్ (ఎన్ఆర్ఈడీక్యాప్) ఆంధ్రలో నెలనెలా బయటపెట్టొచ్చు. డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) హైవే ఛార్జర్లను ఊరి ఫీడరు నుంచి తీసి సబ్‌స్టేషన్ నుంచి వచ్చే మంచి ఫీడరుకు కలపాలి. పెట్రోలు బంకుల్లో రాత్రంతా మనుషులు ఉంటారు కాబట్టి ఛార్జర్ పెట్టడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఎర్ర బటన్, బ్రేకరు, ఎర్త్ పిట్, ఫిల్టర్ ఈ నాలుగింటి గురించి అక్కడి కుర్రాళ్లకు ఒక పూట నేర్పితే ఫిర్యాదుల్లో చాలాభాగం హైదరాబాద్ నుంచి టెక్నీషియన్ రాకముందే తీరిపోతాయి. హైవే మీద బోర్డులూ కావాలి: ‘ఛార్జింగ్ 12 కి.మీ., ఎడమ వైపు, 60 కిలోవాట్లు, 24 గంటలు’. బంకులకూ హోటళ్లకూ ఉన్న బోర్డులు వీటికి ఎందుకు లేవు?

ఈలోగా ప్రయాణం పెట్టుకున్నవాళ్లు కొన్ని చూసుకోవాలి. సున్నాకు దగ్గరగా స్టేషన్‌కు చేరేలా లెక్క వేసుకోవద్దు, అక్కడ పనిచేయకపోతే తర్వాతి దానికి చేరేంత, అంటే 25-30 శాతం, చేతిలో ఉండగా ఆగండి. యాప్‌లో ‘అందుబాటులో ఉంది’ అన్న మాట కంటే చివరిసారి ఎవరు ఎప్పుడు ఛార్జ్ చేసుకున్నారో చూడటం నయం. నిన్న రాత్రి నడిచి ఉంటే నమ్మొచ్చు, పది రోజులుగా ఎవరూ వాడలేదంటే అనుమానించాలి. శాతం పడిపోతుంటే ముందు స్పీడు తగ్గించండి. 100 నుంచి 80కి దిగితే మిగిలే కరెంటు ఏసీ కట్టేస్తే మిగిలేదానికంటే ఎక్కువ. మరీ ఇరుక్కుంటే కారుతో వచ్చిన పోర్టబుల్ ఛార్జర్‌ను 15 ఆంపియర్ల సాకెట్‌కు తగిలించొచ్చు, గంటకు మూడు యూనిట్లు, అంటే 20 కిలోమీటర్ల దూరానికి సరిపడా ఎక్కుతుంది. దానికీ ఎర్తింగ్ కావాలి. పోర్టబుల్ ఛార్జర్ మీద ఎర్ర లైటు వెలిగితే ఆ సాకెట్‌ను వదిలేయండి, ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలే వాడొద్దు, వైరు కరిగిపోతుంది. వెనక కార్లు ఉంటే 80 దగ్గర గన్ తీసి పక్కకు జరగండి.

సంక్రాంతికి ఇప్పుడు కొత్త స్టేషన్లు కట్టే వ్యవధి లేదు. చేయగలిగింది ఒకటుంది. భోగికి వారం ముందు, పంతంగి నుంచి చిల్లకల్లు దాకా రెండు వైపులా ఉన్న ప్రతి గన్‌కూ ఒక కారు తగిలించి పది నిమిషాలు నడిపి చూడాలి. 60 రాసి ఉన్నచోట రెండు కార్లు పెట్టి నిజంగా 60 వస్తోందో లేదో చూడాలి. కారు ఎంత తీసుకుంటోందో ఛార్జర్ తెర మీదే కనిపిస్తుంది. రెండు కార్లు, నలుగురు మనుషులు, రెండు మూడు రోజుల పని. ఏ ఊళ్లో ఏ వైపు ఏది నడుస్తోందో ఆ జాబితాను టోల్ గేట్ల దగ్గర అంటించి, మీ పత్రికలో కూడా అచ్చు వేయండి.

ఇట్లు,
ఛార్జింగ్ స్టేషన్ల ఎలక్ట్రికల్ పనులు చేసే కొందరు టెక్నీషియన్లు,
సూర్యాపేట